పోలిక ఊరు

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ చెప్పేది. చివరికి నాకు దొరికిన ఉద్యోగమే అది. ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్ళకు స్కూటీ మీద వెళ్ళాలి, రైతుల ఇళ్ళల్లో చాయ్ తాగాలి, వాళ్ళు పెట్టింది తినాలి, తిన్నాక కోతలైన పొలంలో అగ్గి పెట్టారా లేదా అని అడిగి రాసుకొని రావాలి.

"పొగ లెక్కవెట్టుడు గూడ ఒక నౌకరేనా?" అని అమ్మ నవ్వింది. ఆమె ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్ళూ పసుపు తవ్వే కూలికి పోయిన మనిషి. ఆమె లెక్కలో పనంటే సాయంత్రానికి నడుం నొయ్యాలి. మా ఊళ్ళ రోడ్ల మీద స్కూటీ నడిపితే నడుం ఎంత బాగా నొస్తుందో ఆమెకు చెప్పి ప్రయోజనం లేదు.

పని సంగతి కాస్త చెప్పాలి. వరి కోత మిషన్‌తో కోస్తే పొలం నిండా కొయ్యలు మిగులుతాయి. మక్కజొన్న తీసేస్తే కట్టె నిలబడి ఉంటుంది. వెంటనే ఎర్రజొన్న వెయ్యాలి, భూమి తొందరగా ఖాళీ కావాలి. రోటవేటర్ తిప్పి దున్నాలంటే డీజిల్ కావాలి, అగ్గిపుల్లకు మాత్రం ఏ ఖర్చూ లేదు. అందుకని అందరూ కాల్చేస్తారు. చలికాలం మొదట్లో మా వైపు పొద్దున తలుపు తీస్తే మంచు ఏదో పొగ ఏదో తెలియదు. దీన్ని ఆపాలని ఒక సంస్థ వాళ్ళు పథకం పెట్టారు. కాల్చకుండా దున్నిన రైతుకు డబ్బులిస్తారు. ఆ డబ్బు నిజంగా పని చేస్తోందా, ఊరికే పోతోందా అని చూసి చెప్పడం మా వంతు.

డబ్బిచ్చిన ఊరొక్కటే చూస్తే ఆ సంగతి తేలదు. ఆ ఏడు వానలు ఎక్కువై కొయ్యలు కుళ్ళిపోయాయనుకోండి, రైతు డబ్బు చూసి ఆగాడా, వాన వల్ల ఆగాడా? అందుకని పక్కనే ఇంకో ఊరు కావాలి. అదే నేల, అదే పంట, అదే వాన, డబ్బు మాత్రం ఉండదు. దాన్ని మా ఆఫీసులో పోలిక ఊరు అంటారు. నాకైతే పెండ్లిపీట మీద పెండ్లికూతురి పక్కన కూర్చోబెట్టే తోటి పెండ్లికూతురు గుర్తొచ్చేది. ఆ పిల్లకూ పసుపు రాస్తారు, బొట్టు పెడతారు, కొత్త చీర కడతారు. తాళి మాత్రం కట్టరు.

పోలిక ఊరికి నువ్వు పోలిక ఊరువని చెప్పకూడదు. చెబితే వాళ్ళ నడవడిక మారిపోతుందని భయం. పని ముగిశాక మాత్రం తప్పకుండా వెళ్ళి నిజం చెప్పి రావాలి. ఈ రెండూ మా ఆఫీసు నియమాలు. మొదటి నియమం విన్నప్పుడు తెలివైందే అనిపించింది. రెండో నియమం నా నెత్తి మీదికే వస్తుందని అప్పుడు తట్టలేదు.

హైదరాబాద్‌లో ఉండే మా సారు మ్యాపు చూసి రెండు ఊళ్ళు ఎంచారు. రెండూ పోచంపాడ్ వెళ్ళే వైపు, మధ్యలో ఒక వాగు. అవతలి ఊరికి డబ్బులు, ఇవతలి ఊరు పోలిక. మ్యాపులో ఆ వాగు గట్టి సరిహద్దులా కనబడింది పాపం. ఆ వాగు దాటి ఎన్ని పెండ్లి ఊరేగింపులు నడిచాయో ఏ మ్యాపులోనూ ఉండదు. ఈ ఊరి పిల్లలు ఆ ఊరి కోడళ్ళు, ఆ ఊరి పిల్లలు ఈ ఊరి కోడళ్ళు. రెండు ఊళ్ళూ ఒకరికొకరు వియ్యాలవారే. పెండ్లిలో అప్పడం చిన్నదైనా చచ్చేదాకా గుర్తు పెట్టుకునే చుట్టరికం అది.

పోలిక ఊళ్ళో నేను మొదటిసారి దిగిన ఇల్లే తర్వాత నా ఇల్లయింది. చివరి వాడలో పెంకుటిల్లు, ఇంటి వెనక నుంచే పొలాలు. ఇద్దరే ఉంటారు. పసుపూ మక్కా వేసే రైతులు. కూతురిని వాగు అవతలి ఊరికే ఇచ్చారు. ఆమెను పెద్దమ్మా అన్నాను, ఆయనను పెద్దనాయినా అన్నాను. ఆమె నన్ను బిడ్డా అంది. కులం, చర్చి, గుడి అన్నీ ఆ తర్వాత ఎప్పుడో తీరిగ్గా అడిగి తెలుసుకుంది.

అప్పుడు ఊళ్ళో కొయ్యలు కాలుస్తున్నారు. పెద్దనాయిన గోడకు ఒరిగి మంచం మీద కూర్చున్నాడు. కిటికీకి తడిగుడ్డ కట్టి ఉంది. పక్కన పీల్చే మందు పంపు. ఆయనకు దమ్ము, అంటే ఉబ్బసం. ఏడాది పొడుగూ బాగానే తిరిగేవాడు, చలికాలం పొగ మొదలైతే మంచానికి అతుక్కుపోయేవాడు.

"కూసో..." అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "బిడ్డా" అన్నాడు.

నేను ప్రశ్న అడిగితే పెద్దమ్మ జవాబు చెప్పబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. పొలం తనది, జవాబు తనే చెప్పాలి.

"మేము... కాలవెట్టం." మళ్ళీ ఊపిరి. "పక్కోళ్ళు... వెడ్తరు." మళ్ళీ ఊపిరి. "ఏమంటం... అందరు... మనోళ్ళే."

నేను తొందర మనిషిని. బస్సు ఆగకముందే దిగుతాను, ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే మిగతా సగం నేనే అందుకుంటాను. ఆ ఇంట్లో మాత్రం ఆయన మాట పూర్తయ్యేదాకా పెన్ను పట్టుకొని కూర్చోవడం నేర్చుకున్నాను. మాటకూ మాటకూ మధ్య ఆయన నా వైపు చూసేవాడు, ఆగుతుందా లేచిపోతుందా అన్నట్టు. ఆగేదాన్ని. పెద్దమ్మ ఆ సందులో బబ్బెర గారెలు వేసి తెచ్చేది. ఆమె గారెలకు ఆ వాడలో పేరుంది, ఆమె నోటికి అంతకంటే పెద్ద పేరుంది.

"తిను. తినుకుంటనే రాసుకో. ఇంట్ల వాసాలెన్ని ఉన్నయో గూడ రాసుకో" అనేది.

మా అమ్మా ఈమే ఎక్కడైనా కలిసి నా మీద కూడబలుక్కున్నారేమో అనిపించేది.

వాగు అవతలి ఊళ్ళో నా పని ఇంకో రకం. అక్కడ అందరూ బాగా మాట్లాడేవాళ్ళు, అందరూ డబ్బు తీసుకున్నవాళ్ళే. ఒకాయన బర్రెలను మేపుకుంటాడు. వాటికి గడ్డి కావాలని మిషన్ పెట్టకుండా కూలివాళ్ళతోనే కోయిస్తాడు. ఆయన పొలంలో కాల్చడానికి మొదటి నుంచీ ఏమీ మిగలదు.

"కాలవెట్టొద్దని నాకెందుకు పైసలిస్తున్నరో నాకే సమజ్ గాలే మేడం" అన్నాడు. "ఇస్తమంటె వద్దంటనా?"

ఇంకొకాయనకు ఇవతలి ఊళ్ళో కూడా కౌలు పొలం ఉంది. అవతల దున్ని డబ్బు తీసుకున్నాడు, ఇవతల అగ్గి పెట్టాడు. ఇదేంటన్నా అని నేను గట్టిగానే అడిగాను. "గీ పొలం గురించి ఎవ్వలు అడగలే గద" అన్నాడు, ముఖంలో ఏ కల్మషమూ లేకుండా. అలాంటప్పుడు నాకు ఒళ్ళు మండేది. మండినా ఏం చేస్తాం, ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి లేదు. డబ్బు ఎక్కడ పని చేసిందంటే, చిన్న కమతాల వాళ్ళ దగ్గర చేసింది. ఒకామె చెప్పింది, ఆ డబ్బు సరిగ్గా రోటవేటర్ కిరాయికి వచ్చిందట, లేకపోతే కాల్చేవాళ్ళే అట. ఆమె మాట రాసుకున్నప్పుడు నాకు ఆ రోజు జీతం జీర్ణమైంది.

ఇలా ఒక చలికాలం గడిచింది. మళ్ళీ కోతలొచ్చాయి. అవతలి ఊళ్ళో కాల్చడం బాగా తగ్గింది, మా సారు ఫోన్లోనే మురిసిపోయారు. ఆ తర్వాత నేను ఇవతలి ఊరికి వెళ్ళాను.

పొగ లేదు. ఊరి మొదటి పొలం నుంచి చివరి వాడదాకా ఎక్కడా లేదు. కొయ్యలు దున్ని మట్టిలో కలిపేసి ఉన్నాయి. నేను స్కూటీ ఆపి, దారి తప్పి వేరే ఊరికి వచ్చానా అని ఒక్క క్షణం నిజంగానే చూసుకున్నాను.

ఫోన్ చేసి చెబితే సారు నమ్మలేదు. "సరిగ్గా చూశారా? డబ్బివ్వని ఊళ్ళో ఎందుకు ఆపుతారండీ?" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. రెండు ఊళ్ళూ ఒక్కలాగే ఆపేస్తే, డబ్బు వల్ల ఒరిగిందేమీ లేదని లెక్క తేలుతుంది. ఆ లెక్క పైకి వెళితే పథకం మూతపడుతుంది. పోలిక ఊరు మంచిగా ఉండటమే మాకు పెద్ద చిక్కు. ఇలాంటి ఉద్యోగం లోకంలో ఇంకోటి ఉంటుందనుకోను.

కారణం ఊరి అభివృద్ధి కమిటీ చైర్మన్ దగ్గర తెలిసింది. మా వైపు ఊళ్ళల్లో కమిటీ మాటంటే మాటే. తీర్మానం చేస్తారు, డప్పు చాటింపు వేయిస్తారు, తప్పినవాళ్ళ మీద జుర్మానా వేస్తారు. ఆ చైర్మన్ మీసాలు దువ్వుకుంటూ నాకు ఎదురొచ్చాడు.

"సూసినవా మేడం? అగ్గి వెడితె జుర్మానా అని చాటింపు ఏపిచ్చినం. ట్రాక్టర్లున్నోళ్ళు లేనోళ్ళ పొలాలు గూడ వంతులేసుకొని దున్నాలెనని తీర్మానం జేసినం. ఇప్పుడు జెప్పు, మా ఊరికి మార్కులెన్ని వడ్డయి?"

"మార్కులేందన్నా?"

"గదే, మీరు ఊకూకె వచ్చి సూసిపోతున్నది గందుకే గద. అవతలోళ్ళకు ఇచ్చిండ్రు, ఇగ మా వంతు. వియ్యపోళ్ళ ముందట మా పరువు పోవద్దు సూడు."

నేను ప్రశ్నలు అడిగేది వాళ్ళను పరీక్షించడానికనీ, పాసైతే డబ్బు వస్తుందనీ ఊరంతా నమ్మింది. ఎవరు చెప్పారని అడిగితే, "ఎవలో జెప్పుడేంది, ఊరందరికి ఎరుకే" అన్నాడు. నిజం చెబుదామంటే నియమం అడ్డు. "నాకు తెలియదన్నా" అని తప్పించుకొని చివరి వాడకు వెళ్ళాను. పెద్దనాయిన మంచం మీద నిద్రపోతున్నాడు. పెద్దమ్మ నోటి మీద వేలు పెట్టి, చప్పుడు చెయ్యవద్దని సైగ చేసింది. ఆ రోజు ప్రశ్నలు అడగకుండానే గారెలు తిని వచ్చేశాను.

తర్వాతి వానలు వెళ్ళాయి, దసరా వెళ్ళింది. వరి పండుతోంది. మార్కుల సంగతి నేను సారుకు అప్పుడే చెప్పి ఉన్నాను. ఆయన ఫోన్ చేశారు.

"ఆ ఊరు ఇంక పోలికకు పనికిరాదు. దాన్ని వదిలేద్దాం, ధర్పల్లి వైపు వేరే ఊరు చూడండి. పాత ఊరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి. ఆశ పెట్టుకొని ఉంటారు కదా, కోతలు మొదలయ్యేలోగా చెప్పడం న్యాయం."

న్యాయమే. కాదని అనలేను. కానీ చెబితే జరిగేది కూడా నాకు తెలుసు. డబ్బు రాదని తెలిశాక డీజిల్ ఎవరు పోసుకుంటారు? మళ్ళీ అగ్గి పెడతారు. కిటికీకి మళ్ళీ తడిగుడ్డ కడతారు.

కమిటీ దగ్గరికి వెళ్ళే ముందు పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె చేటలో బబ్బెర్లు ఏరుతోంది. పెద్దనాయిన పొలం గట్టుకు వెళ్ళాడట. విషయం చెప్పాను. మీ ఊరికి డబ్బు రాదు పెద్దమ్మా, మొదటి నుంచీ రావలసింది కాదు, అన్నాను. ఏడుస్తుందో తిడుతుందో అనుకున్నాను.

"నాకెరుకే" అంది, చేట మీది నుంచి తల ఎత్తకుండా.

"ఎరుకనా?"

"నా బిడ్డ అవతలి ఊళ్ళనే ఉన్నది గద. మీ ఊరు లిస్టుల లేదంట అవ్వా అని మొదలే చెప్పింది. లిస్టుల లేకుంటెనేమి, నువ్వు వస్తున్నవ్ గద. నువ్వు స్కూటర్ దిగినప్పుడల్ల వాడ మొత్తం నిన్నే సూస్తది. నేను గంతే అన్న. ఉత్తగ ఎందుకొస్తరు, సూసిపోతున్నరు, జర మంచిగుండుండ్రి అన్న. గండ్ల అబద్ధమేమున్నది? నువ్వు సూసిపోలేదా?"

నాకు నవ్వూ కోపం రెండూ కలిసి వచ్చాయి. హైదరాబాద్‌లో అంతమంది కూర్చొని వేసుకున్న లెక్కను ఈమె అరుగు మీద కూర్చొని ఒక్క మాటతో తారుమారు చేసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈమె నోటితో ఊరినే మంచిగా చేసింది.

"అట్ల ఎందుకు చేసినవ్ పెద్దమ్మా?"

అప్పుడు చేట పక్కన పెట్టింది. "మొన్నటి చలికాలం ఆయన పండుకున్నడు బిడ్డా. మంచంల నడుం వాల్చి పండుకున్నడు. అంతకుముందు చలికాలమంత గోడకు ఒరిగి కూసొనే తెల్లారవెట్టేది. దవాఖానకు తోలుకపోతె డాక్టర్ ఏమన్నడు? పొగల ఉండొద్దన్నడు. ఇల్లు ఇడిసి యాడికి పోతం? నువ్వు గీ ఒక్క చలికాలం దాటనియ్యి. తర్వాత జెప్పు. నీ కాళ్ళు మొక్కుత."

ఆమె నా కాళ్ళ వైపు వంగబోతే చేతులు పట్టుకొని ఆపాను. ఆ చేతులు పసుపు పనితో ఎప్పటికీ పోని రంగుకు వచ్చాయి, మా అమ్మ చేతుల్లాగే.

"ఊరోళ్ళు నమ్మి డీజిల్ పోసుకుంటున్నరు పెద్దమ్మా" అన్నాను. "కష్టం వాళ్ళది. తెలిసి గూడ నేను జెప్పకుంటె, నీ మాట నా అబద్ధమైతది."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది, ఎప్పటిలాగే గారెల డబ్బా తెచ్చి నా సంచిలో పెట్టింది. కోపంతో పెట్టకపోయినా బాగుండేది. కమిటీ హాలు వైపు నడుస్తుంటే ఆ డబ్బా కాలికి తగులుతూనే ఉంది. వాసాలు లెక్కపెట్టడం సరిపోలేదు, ఇప్పుడు ఆ ఇంటి కప్పు పీకడానికి వెళ్తున్నానని నన్ను నేను తిట్టుకున్నాను.

హాల్లో కమిటీ వాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. డబ్బు వచ్చిందన్న కబురు చెబుతాననుకున్నారేమో, చాలామందే వచ్చారు. కొంతమంది ఆడవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎందుకు మీ ఊరిని ఎంచాం, ఎందుకు ముందే చెప్పలేదు, డబ్బు ఎందుకు రాదు. సులువుగా అర్థమవుతుందని తోటి పెండ్లికూతురి పోలిక కూడా చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేది.

"అంటె అవతలోళ్ళు పెండ్లికూతురు, మేము తోటి పెండ్లికూతురా?" అని చైర్మన్ కుర్చీలోంచి లేచాడు. "మా ఊరిని పీట మీద కూసోవెట్టి తమాష సూసిండ్రా?"

హాలంతా ఒక్కసారిగా లేచింది. "కోతలు కానియ్యి, అన్ని పొలాలు కాలవెడుతం. గప్పుడొచ్చి రాసుకోమను" అని వెనక నుంచి ఎవరో అరిచారు. దాని మీద ఇంకొందరు అరిచారు. వాళ్ళు నన్ను తిట్టినా నాకు తప్పుగా అనిపించలేదు. వాళ్ళ స్థానంలో నేనుంటే ఇంకా పెద్ద మాటలే అనేదాన్ని.

ఇంతలో గుమ్మం దగ్గర పెద్దమ్మ గొంతు వినిపించింది. నా వెనకే వచ్చిందని నాకు తెలియదు.

"మేడమును ఏమనకుండ్రి. ఆమె ఎన్నడు పైసలొస్తయనలే. గా మాట పుట్టించింది నేను."

హాలు చల్లబడింది. చైర్మన్ ఆమెకు వరసకు మరిది అవుతాడు. "వదినా, గింత అబద్ధం ఆడితె నీకేమొచ్చె?" అన్నాడు.

"నాకేమొచ్చిందా? మీ అన్న పండుకున్నడు. గదే వచ్చింది నాకు."

చలికాలంలో ఆ గోడ పక్కనుంచి వెళ్ళిన ప్రతివాళ్ళూ ఆయన దగ్గు విన్నవాళ్ళే. చైర్మన్ కింద కూర్చున్నాడు, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. కాసేపటికి నా వైపు తిరిగి, "మీరు పోండ్రి మేడం. గిది మా ఊరి ముచ్చట" అన్నాడు. గొంతులో కోపం పోలేదు. ఊరికి అబద్ధం చెప్పినందుకు పెద్దమ్మ మీద జుర్మానా తప్పదని మాత్రం నేను మెట్లు దిగుతుండగా వినబడింది.

ఆ తర్వాత ధర్పల్లి వైపు కొత్త పోలిక ఊరు దొరికింది. అక్కడ నేను ఎవరింట్లోనూ గారెలు తినలేదు. కోతలు మొదలయ్యాయి. రోజూ పొద్దున ఆర్మూర్ గుట్ట రాళ్ళ పక్కనుంచి వెళుతూ పోచంపాడ్ వైపు చూసేదాన్ని. ఆకాశం మసకగా ఉండేది. అది ఏ ఊరి పొగో ఇక్కడి నుంచి ఎలా తెలుస్తుంది? ఫోన్ చెయ్యొచ్చు. నంబరు ఉంది. ఫోన్లో వెనక దగ్గు వినబడితే ఏం మాట్లాడాలో తెలియక చెయ్యలేదు. నేను చేసింది న్యాయమేనని నాకు తెలుసు. న్యాయం చేసినవాళ్ళకు నిద్ర పడుతుందని ఎవరన్నారో గానీ వాళ్ళు ఎప్పుడూ ఎవరింటి గారెలూ తిని ఉండరు.

నా ముఖం చూసి చూసి అమ్మకు విసుగొచ్చింది. "పోయి సూసిరారాదు? వాళ్ళేమన్న నిన్ను కొరుక్కతింటరా?" అంది. క్రిస్మస్ మర్నాడు కేకు డబ్బాలో సర్ది తనే నా చేతికిచ్చింది.

ఊరి మొదట్లోనే, వాగు ఒడ్డున, ఒక పొలం నల్లగా కాలి ఉంది. దాని పక్కది కూడా. అక్కడి నుంచే వెనక్కి తిరుగుదామనుకున్నాను. కానీ ఆ రెండూ దాటాక దున్నిన నేల కనబడింది, ఆ పైన ఎర్రజొన్న మొలకలు. మళ్ళీ దున్నిన నేల. ఏమనుకోవాలో తెలియలేదు. ఈ ఊరు ఇప్పుడు మా లెక్కలో లేదు. ఇక్కడ ఎవరు కాల్చారో, ఎవరు ఆపారో రాసుకునేవాళ్ళు ఎవరూ లేరు.

చివరి వాడలో పెంకుటింటి ముందు మంచం ఎండలో వేసి ఉంది. మంచం ఖాళీ. కిటికీకి గుడ్డ లేదు. లోపల గిన్నెల చప్పుడు. పిలవకుండానే మంచం అంచున కూర్చొని కేకు డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను.

సందు మలుపులోంచి పెద్దనాయిన వచ్చాడు. చేతిలో పాల గిన్నె, మెడ చుట్టూ తువ్వాల. నన్ను చూశాడు, గిన్నె గోడ మీద పెట్టాడు, నిలబడే మొదలుపెట్టాడు.

"వచ్చినవా బిడ్డా, నువ్వు పోయినంక కమిటోళ్ళు చాటింపు వాపస్ దీసుకుందమని కూసుంటె గా ముచ్చట వాగు దాటి మా బిడ్డ అత్తగారింటిదాక వోయి, పైసలు రావని తెల్వంగనే మీ ఊరోళ్ళు అగ్గిపుల్ల దీసిండ్రట గద అని గా ఊరోళ్ళు ఒకటే నవ్వుడు నవ్వితె, మా చైర్మన్‌కు రోషమొచ్చి, మీరు కూలి దీసుకొని ఆపిండ్రు మేము ఉత్తగనే ఆపుతం ఎవలు పెద్దోళ్ళో సూద్దం అని మల్ల డప్పు కొట్టిపిచ్చిండు, ఇగ వాగొడ్డు మీద గా ఇద్దరు మొండోళ్ళు దప్ప ఎవ్వలు అగ్గి వెట్టలే, మీ పెద్దమ్మ మీదనేమో ఊరందరికి బబ్బెర గారెలు పెట్టాలెనని జుర్మానా వడ్డది, ఆమె వండుకుంట వండుకుంట నన్ను తిట్టుకుంట, గా గారెలు తిననీకి వాగు అవతలోళ్ళు గూడ వచ్చి పంక్తిల కూసున్నరు!"

నేను నవ్వాను. వియ్యాలవాళ్ళు పంక్తిలో కూర్చున్న సంగతికి నవ్వుతూనే ఉన్నాను. ఆ తర్వాత తట్టింది. ఇంత మాట చెప్పేటప్పుడు ఆయన మధ్యలో ఎక్కడా ఆగలేదు. గోడ పట్టుకోలేదు. నేను ఆగుతానా లేచిపోతానా అని నా వైపు చూడలేదు. నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. చేతిలో గరిటె అలాగే ఉంది. ఆమె నన్ను చూడటం లేదు, ఆయననే చూస్తోంది.

"ఏందేందీ?" అంది. "నాకు ఇనవడలే. మల్లొకపారి చెప్పు."

"చెవుడొచ్చిందా నీకు?" అని ఆయన కసిరాడు. కసిరి, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. మేమిద్దరం నోరు మెదపకుండా మళ్ళీ విన్నాం.